చెప్పినట్టు రాసిన కాగితం

నరేందర్ ఇంటి పై పోర్షన్‌లో దిగిన ఫారిన్ పిల్లకు కడుపు కోయించి, లోపలిది తీయించి, దాన్ని ఏ దేశానికో పంపించేశారట అని ఆ సందులో ఉండే భ్రమరాంబ అన్నదట. నరేందర్ తల్లి నీలమ్మతో అనలేదు. ఇస్త్రీ బండి దగ్గర నర్సయ్యతో అన్నది. నర్సయ్య తన పెండ్లాంతో అన్నాడు. ఆమె పొద్దున నల్లా నీళ్లొచ్చే వేళకు బిందె చంకన పెట్టుకుని వచ్చి, "నాకెందుకు వదినా, ఇన్నది చెప్తున్న" అంటూ నీలమ్మ చెవిలో వేసింది.

నీలమ్మ బిందె నిండి పొర్లుతున్నది. ఆమె చూసుకోలేదు.

"ఇంకోటి కూడ అన్నదట," అన్నది నర్సయ్య పెండ్లాం. "'వాళ్లమ్మాయి మాదాపూర్‌లో కూర్చుని దొంగ కాగితాలు పుట్టిస్తుందండీ' అన్నదట. నాకు గిట్ల ఆ అండీలు రావు గాని, మాట మాత్రం గదే."

"భ్రమరాంబ నోరు మున్సిపాలిటీ మోరి. ఆగదు," అని నీలమ్మ నల్లా కట్టేసింది.

బోరబండలో ఆ సందు వెడల్పు ఆటో పట్టేంత. మాట మాత్రం ఎంత పెద్దదైనా పడుతుంది. మొదటిది శుద్ధ అబద్ధమని నీలమ్మకు తెలుసు. రెండోదే గొంతులో చేపముల్లులా అడ్డం పడ్డది. అబద్ధమని గట్టిగా అరవడానికి లేదు. నిజమని ఒప్పుకోవడానికీ లేదు.

బిందె ఎత్తుకుని లోపలికి వచ్చేసరికి కొడుకూ బిడ్డా గంట కింద మొదలుపెట్టిన కొట్లాట ఇంకా అక్కడే ఉన్నది.

"ఒక్క సంతకం," అంటున్నాడు నరేందర్. "నాలుగు గంటల లోపట మీ ఆఫీసు రవికిరణ్ సారు లెటరు దవాఖానకు పోవాలె. దాని మీద నీ సంతకం ఉండాలె. గింతే. దీనికి గింత లొల్లా?"

"లెటర్ల ఏం రాసిన్రో ఎరుకేనా?" అన్నది వాసంతి.

"ఆపరేషన్ ముంగట పేషెంటుకు ఆమె భాషల అంతా చెప్పినమని."

"చెప్పిన్రా?"

"కాగితం ఇచ్చిన్రు గద! కుర్దిష్ కాగితం. మీ ఆఫీసుకెల్లే వచ్చింది. సరిచూసినమని టిక్కు పెట్టింది ఎవరు? నేనా?"

నిన్నటి నుంచి వాసంతి ఆ మాట తనకు తాను ఎన్నిసార్లు అనుకుందో అన్నకు తెలియదు.

మాదాపూర్‌లో ఆమె పనిచేసే ఆఫీసు గోడ మీద నలభై భాషల పేర్లున్నాయి. లోపల ఎనిమిది కుర్చీలు. దవాఖానల కాగితాలు అక్కడికి వస్తాయి. ఎక్కడో దూరదేశంలో ఉన్నవాడు తర్జుమా చేసి పంపుతాడు. ఆ తర్జుమాను కంప్యూటర్‌తో తిరిగి ఇంగ్లీషులోకి మార్చి, అసలు కాగితం పక్కన పెట్టి చూసుకోవాలి. రెండూ కలిస్తే ఒక టిక్కు. ఆ తర్వాత రోగి ప్రాంతపు మనిషి ఒకరు చదివి, అర్థమైందంటే రెండో టిక్కు. కుర్దిష్ కాగితం ఇంగ్లీషులోకి మారిస్తే కడిగిన గాజు గ్లాసులా వచ్చింది. ఒక్క వంక లేదు. చదివే మనిషి కోసం ఆగితే ఇంకో రెండు రోజులు పట్టేది. దవాఖాన నుంచి గంటకో ఫోను. ఇంగ్లీషు ఇంత బాగున్నప్పుడు ఇంకెవరు చదివితే ఏముందని వాసంతి రెండో టిక్కు కూడా తనే పెట్టేసింది.

కాగితంలో తప్పు లేదు. అది చేరిన మనుషులే వేరు. తుర్కీ వైపు కుర్దులు మాట్లాడే కుర్మాంజీలో ఉన్నది అది, ఇంగ్లీషు అక్షరాల్లో. పైన దిగిన షిలాన్, ఆమె తల్లి గలావేజ్ ఇరాక్‌లోని సులేమానియా వాళ్లు. వాళ్లది సోరానీ. అరబ్బీ అక్షరాలను తమ నోటికి తగ్గట్టు మార్చుకుని రాసుకుంటారు. దవాఖానలో ఆ కాగితం షిలాన్ చేతిలో పెట్టి, అరబ్బీ దుబాసీ ఒకాయన పక్కన నిలబడి అరబ్బీలో గబగబా చెప్పుకుపోయాడు. ఇరవై రెండేళ్ల షిలాన్‌కు అరబ్బీ రాదు. తల్లికి కొంచెం వచ్చు గాని, ఆమెను గది బయటే కూర్చోబెట్టారు. కడుపులో గడ్డ తీస్తారని షిలాన్‌కు తెలుసు. ఆ గడ్డ గర్భసంచికి పాకి ఉంటే దాన్ని కూడా తీస్తారని నాలుగో పేరాలో ఉన్నది. వేలు పెట్టి చూపించిన చోట ఆ పిల్ల సంతకం పెట్టింది.

పాకి ఉన్నది. తీసేశారు.

నిన్న సాయంత్రం ఉస్మానియాలో చదువుకునే కుర్దు అమ్మాయి ఒకతె ఫోన్లో ఆ కాగితాన్ని కూడబలుక్కుని చదివి, సోరానీలో చెప్పేదాకా గలావేజ్‌కు ఆ సంగతి తెలియదు. షిలాన్‌కు ఇప్పటికీ తెలియదు.

"తియ్యకపోతే బతకకపోతుండె," అన్నాడు నరేందర్. "పెద్ద డాక్టరు పానం కాపాడిండు. జర గది కూడ యాద్జేస్కో."

"కాపాడిండు. నేను కాదన్ననా? అడిగిండా అంటున్న. ఊరికి పోంగనే ఆ పిల్ల లగ్గం. అడిగితే 'నన్ను బతికియ్యున్రి' అనే అంటుండెనేమో. 'నాల్గు దినాలు ఆగున్రి, మావోళ్లతోని మాట్లాడ్త' అంటుండెనేమో. ఏదైనా ఆమె నోట్లకెల్లి రావాలె గద అన్నా. నా టిక్కులకెల్లి వచ్చింది."

"నీ టిక్కే గద మరి!"

"అవ్, నాదే!" వాసంతి గొంతు సందు దాకా వినబడింది. "నాదే తప్పు. గందుకే రెండోసారి చెయ్య. ఒకసారి చూడకుంట పెట్టిన. ఇప్పుడు చూసి కూడ పెట్టాల్నా?"

"మెల్లగ మాట్లాడు. పైన ఇనబడ్తది."

"ఇనబడితే ఏంది? వాళ్లకు తెలుగు వస్తదా?"

నరేందర్ కుర్చీని కాలితో వెనక్కి తన్ని లేచాడు.

"నీకేంది! ఈ ఆఫీసు కాకుంటే ఇంకో ఆఫీసు. నాకు దవాఖానల ఆ ఫారిన్ పేషెంట్ల డెస్కుల తొమ్మిదేండ్లు. ఎయిర్‌పోర్టుల పేరు బోర్డు పట్టుకొని నిలబడి నిలబడి కాళ్లు మొద్దుబారినయ్. ఆ గలావేజమ్మ ఫిర్యాదు ఇస్తే ఫస్టు ఎవరిని పిలుస్తరు? డాక్టరునా? నన్ను పిలుస్తరు. 'మీ ఇంట్లనే దిగిన్రు, మీ చెల్లె ఆఫీసు కాగితమే, అంతా మీరే కలిసి చేసిన్రు' అంటరు. పెద్దోళ్ల తప్పు కిందికి జారుకుంట జారుకుంట వచ్చి నా అసుంటోని మీదనే ఆగుతది. గది నీకు ఎరుక లేదా?"

ఎరుకే. వాసంతి అతను తన్నిన కుర్చీని మళ్లీ గోడ పక్కకు జరిపింది.

వాళ్లిద్దరి నడుమ నుంచి నడిచి వెళ్లి నీలమ్మ చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఎవరి వైపూ మాట్లాడలేదు. చెక్కర డబ్బా మూత మాత్రం అవసరమైన దానికంటే గట్టిగా మూసింది.

*

రెండు గ్లాసులు పట్టుకుని నీలమ్మ మెట్లెక్కింది.

ఈ నెల రోజుల్లో ఆ మెట్లు ఆమె మోకాళ్లకు అలవాటైపోయాయి. మొదటి రోజు గలావేజ్ పీట వేసుకుని కూర్చుని రొట్టెలు చేస్తుంటే, ఆ పల్చదనం చూసి నీలమ్మ అక్కడే చతికిలబడింది. ఆ రోజు నుంచి ఇచ్చిపుచ్చుకోవడాలు మొదలయ్యాయి. నాన్ అంటే రొట్టె. ఆవ్ అంటే నీళ్లు. "మనకు ఆవంటే పాలిస్తది, వీళ్లకు ఆవ్ అంటే నల్లాల వస్తది" అని కింద అందరికీ చెప్పి నవ్వించింది. చోనీ అంటే బాగున్నవా. బాషిమ్ అంటే బాగున్న. ఏదైనా చేసి పెడితే 'దస్తత్ ఖోష్ బే' అంటారు, నీ చెయ్యి చల్లగుండ అన్నట్టు. ఏదైనా అడిగితే గలావేజ్ అరచెయ్యి కంటి మీద పెట్టుకుని 'సర్ చావ్' అనేది. నీ మాట నా కంటి మీద అని. నీలమ్మకు ఆ చెయ్యి కన్నుకు ఆనించడం ఎంత నచ్చిందంటే, కూరగాయల బండివాడు కొసరు వేసినప్పుడు కూడా అట్లాగే చేసి వాణ్ని బెదరగొట్టింది.

తలుపు ఓరగా ఉన్నది. షిలాన్ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఫోన్లో ఏవో బట్టలు చూస్తున్నది. బంగారు జరీ, ఎర్రని పొడుగు అంగీలు. లగ్గానికే కాబోలు. నీలమ్మను చూసి నవ్వింది.

"చోనీ, పూర గియాన్?"

పూర అంటే చిన్నమ్మ వరస. గియాన్ అంటే ప్రాణమా అని పిలవడం. ఆ పిల్ల ఎప్పుడూ అట్లాగే పిలుస్తుంది.

'బాషిమ్' అనాలి. నీలమ్మ నాలుక కదలలేదు. మామూలుగా అబద్ధమాడటం ఆమెకు రాని విద్యేం కాదు. చుట్టాల ముందర, అప్పుడప్పుడు దేవుని ముందర కూడా ఆడింది. కానీ ఆ భాషలో ఆమెకున్న మాటలన్నీ ఒకరికొకరు అన్నం పెట్టుకుంటూ నేర్చుకున్నవి. వాటిని ఇంకో పనికి వాడటానికి మనసొప్పలేదు. గ్లాసు చేతికిచ్చి, ఆ పిల్ల నుదుటి మీద వెంట్రుకలు పక్కకు తీసి బయటికి వచ్చింది.

గలావేజ్ వెనక వైపు సింకు దగ్గర ఒకే గ్లాసును తోముతున్నది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నీలమ్మ చాయ్ గట్టు మీద పెట్టింది. గలావేజ్ చెయ్యి కంటి దాకా పోలేదు. 'దస్తత్ ఖోష్ బే' కూడా రాలేదు.

గలావేజ్ నల్లా కట్టేసి గది వైపు చూసింది.

"నాజానిమ్," అన్నది మెల్లగా. "నాజానిమ్ చీ పే బలేమ్."

నాజానిమ్ అంటే తెలియదు. అంతవరకు నీలమ్మకు వచ్చు. మిగిలిన దాన్ని ఆ చూపే చెప్పింది. ఆ పిల్లకు ఏమని చెప్పాలో తెలియట్లేదు.

నీలమ్మ ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుని బోర్లించింది. ఏదో ఒకటి అనాలనిపించింది. ఆమెకు వచ్చిన ఆ భాష మాటల్లో ఉప్పుంది, నీళ్లున్నాయి, రొట్టె ఉన్నది. వాటిలో ఏదీ ఇప్పుడు పనికి రాదు.

*

మధ్యాహ్నం రెండున్నరకు రవికిరణ్ స్వయంగా వచ్చాడు. బూట్లు గుమ్మం బయట వరసగా పెట్టి, "నమస్తే అమ్మగారూ, ఆరోగ్యం బాగుంటుందా అండీ?" అంటూ లోపలికి వచ్చి, చంక నుంచి ప్లాస్టిక్ ఫైలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నరేందర్ ఫ్యాను అతని వైపు తిప్పాడు.

"చూడమ్మా వాసంతీ," అన్నాడు రవికిరణ్. "నాకు నీ మీద కోపం లేదు. పని తొందరలో ఎవరికైనా జరుగుతుంది. ఇప్పుడు దాన్ని పెద్దది చేసుకుంటే ఆఫీసు పోతుంది, అన్నయ్యగారి ఉద్యోగం పోతుంది, నీ పేరు పోతుంది. ఆ అమ్మాయికేమో పోయింది తిరిగి రాదు. ఎవరికి లాభమండీ?"

"ఆ అమ్మకు ఫిర్యాదు ఇచ్చే హక్కుంది సార్."

"ఇవ్వనివ్వండి. మనం కుర్దిష్‌లో ఇచ్చామా లేదా? ఇచ్చాం. కుర్దిష్ కుర్దిషేనండీ. అటు వాళ్లదో రకం, ఇటు వాళ్లదో రకం అంటే ఎక్కడని తెగుతుంది? మీ తెలుగూ మా తెలుగూ రెండు భాషలా?"

వాసంతి నవ్వింది. ఆ నవ్వు చూసి నరేందర్ తల దించుకున్నాడు.

"కాదు సార్. ఒక్కటే. మరి నేను చేరిన మొదటి వారం, క్లయింట్లతో నా తెలుగులో మాట్లాడొద్దని ఎందుకన్నారు? 'మీ యాస వాళ్లకి అర్థం కాదమ్మా, మెయిల్ పెట్టు చాలు' అన్నారు. ఐదారు కిలోమీటర్ల అవతల పుట్టిన నా మాట కూకట్‌పల్లి క్లయింట్లకు అర్థం కాదు. ఎక్కడో కొండల అవతలి వాళ్ల మాట, చదవలేని అక్షరాల్లో, ఆపరేషన్ బల్ల ముందు ఆ పిల్లకు అర్థమైపోవాలి. అంతేనా సార్?"

"అది వేరు, ఇది వేరు."

"ఏది వేరు?"

రవికిరణ్ ఫైల్లోంచి కాగితం తీసి టీపాయ్ మీద పెట్టాడు. "ముందు చదువు. నీ మీదికి రాకుండానే రాయించాను. నీ బరువు సగం తగ్గించాను."

వాసంతి చదివింది. మొదటి పేరా పొద్దున అన్న చెప్పినట్టే ఉన్నది. రెండో పేరా దగ్గర కళ్లు ఆగిపోయాయి. మళ్లీ మొదటి నుంచి చదివి, తలెత్తి, తల్లికి తెలుగులో వినిపించింది.

"'రోగి, ఆమె తల్లి బస చేసిన ఇంటి యజమానురాలు శ్రీమతి నీలమ్మకు కుర్దిష్ తెలుసు. ఆపరేషన్‌కు ముందు కాగితంలోని విషయాలన్నీ ఆమె వారికి వారి భాషలో వివరించారు.' కింద రెండు గీతలున్నయ్ అమ్మా. ఒకటి నాకు. ఒకటి నీకు."

"అమ్మ పేరు ఎవరిచ్చిన్రు?" అన్నది వాసంతి.

నరేందర్ ఆపేసి ఉన్న టీవీ వైపు చూస్తున్నాడు.

"నిన్నే అన్నా. ఎవరిచ్చిన్రు?"

"డెస్కుల అడిగిన్రు. ఇంట్ల ఎవరికన్న వాళ్ల భాష వస్తదా అని. అమ్మకు జర జర వస్తదన్న. గంతే."

"వీడియో కూడా ఉందండీ," అన్నాడు రవికిరణ్, సాయం చేస్తున్నట్టుగా. "నరేందర్ గారు డెస్కులో అందరికీ చూపించారట కదా. అమ్మగారూ, మీరూ ఆవిడా రొట్టెలు చేసుకుంటూ ఎంత చక్కగా మాట్లాడుకుంటున్నారండీ! హాస్పిటల్ వాళ్లు దాన్నే ఫైల్లో పెడతామన్నారు."

నీలమ్మకు ఆ రోజు గుర్తున్నది. కొడుకు ఫోను పట్టుకుని నవ్వుతూ నిలబడితే, మురిసిపోయి కొంగు సర్దుకుని మరీ మాట్లాడింది.

"అండ్ల నేనేం మాట్లాడిన్నో ఎరుకేనా మీకు?" అన్నది.

"తెలియదు గానీ..."

"చాయ్‌ల చెక్కర ఎక్కువైందని చెప్పిన."

రవికిరణ్ ఇబ్బందిగా నవ్వాడు. "ఎవరు చూడొచ్చారండీ అంత లోతుగా! ఆ భాష ఇక్కడ ఎవరికి తెలుసు?"

"గదే సార్," అన్నది వాసంతి. "మొదటి నుంచి జరిగింది గదే. ఎవరికి తెలుసు అనే నేను టిక్కు పెట్టిన. ఎవరికి తెలుసు అనే అరబ్బీ ఆయన అరబ్బీలో చెప్పి పోయిండు. ఎవరికి తెలుసు అనే మీరు ఇది రాసుకొచ్చిన్రు. తెలిసినోళ్లు పైన ఇద్దరున్నరు. వాళ్లను అడగాలని ఎవ్వరికి రాలె." కోపంలో ఆమెకు ఆఫీసు తెలుగు జారిపోయింది. ఏరుకోవాలని చూడలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. గలావేజ్ సగం మెట్లు దిగి, గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. టీపాయ్ మీది కాగితాన్ని చూసింది. కాగితాలను ఇప్పుడామె కరిచిన కుక్కను చూసినట్టు చూస్తున్నది. తెలుగు ముక్క రాని ఆ మనిషి ముందు మగవాళ్లిద్దరూ గొంతు తగ్గించారు.

"అమ్మా," అన్నాడు నరేందర్, తల్లి పక్కన నేల మీద కూర్చుని. ఇరవై ఏళ్ల తర్వాత అతను అట్లా కింద కూర్చున్నాడు. "నువ్వు పెడితే చెల్లె పెడ్తది. నిన్నెవ్వరడగరు. పెద్దమనిషివి, వస్తదన్నవంటే వస్తదనే అనుకుంటరు. నా నౌకరి పోతదే. ఈ వయసుల నన్నెవరు తీస్కుంటరు? నేను నీ కొడుకును కానా?"

"కొడుకువే," అన్నది నీలమ్మ.

ఆమె చెయ్యి అతని భుజం మీద పడింది. అతనికి ధైర్యం వచ్చి, రవికిరణ్ జేబులోని పెన్ను కోసం చెయ్యి చాపాడు. రవికిరణ్ మూత తీసి అందించాడు. వాసంతి తల్లి ముఖంలోకి చూస్తూ లేచి నిలబడింది.

నీలమ్మ పెన్ను తీసుకుంది. కాగితం దగ్గరికి జరుపుకుంది. కింద గీత మీద వేలు పెట్టి, "ఆ పిల్లకు అంతా చెప్పినమని రాసిన్రు గద దీంట్ల?" అని అడిగింది.

"అవునమ్మగారూ," అన్నాడు రవికిరణ్. "అంతే. అదొక్కటే."

నీలమ్మ మెట్ల మీద నిలబడ్డ మనిషిని చూసింది. కొడుకును చూసింది. పెన్ను కాగితం మీద అడ్డంగా పెట్టింది.

"కన్నతల్లికే ఆమె సొంత భాషల నోరు పెగుల్తలేదు. మీరు చెప్పినమని రాసుకొచ్చిన్రు. పోన్రి, పిల్ల మెలకువగనే ఉన్నది. ఇద్దరు పైకి పోయి చెప్పి రాన్రి. వచ్చినంక పెడ్త సంతకం."